ఒప్పుకున్నవాళ్లనే నిలదీసిన ఉపన్యాసం

బానిసత్వం తప్పని నమ్మించడానికి ఒకప్పటి బానిస ఫ్రెడరిక్ డగ్లస్ ఆ రోజు వేదిక ఎక్కలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఆ మాట ఎప్పుడో ఒప్పుకున్నవాళ్లే. 1852 జూలై 5న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, రోచెస్టర్ నగరంలో, కోరింథియన్ హాలులో జరిగిన ఆ సభను ఏర్పాటు చేసిందే అక్కడి బానిసత్వ వ్యతిరేక మహిళా సంఘం. పన్నెండున్నర సెంట్లు పెట్టి టికెట్టు కొనుక్కుని ఐదారు వందల మంది వచ్చారు. వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్లు, బానిసల మీద సానుభూతి ఉన్నవాళ్లు. స్వాతంత్ర్య దినోత్సవం సందర్భంగా మాట్లాడమని ఆయన్ని పిలిచారు. ఆయన మాట్లాడింది మాత్రం ఆ సానుభూతిని బోనులో నిలబెట్టే ఉపన్యాసం.

ఒప్పించే భాష అనగానే, కాదన్నవాడి చేత అవుననిపించే నేర్పు అనుకుంటాం. ఇక్కడ ఆ అవసరమే లేదు. అవునన్న మాట హాలు నిండా ఉంది. కానీ దానివల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఎవరి జేబూ ఖాళీ కావడం లేదు, ఎవరి నిద్రా చెడడం లేదు. 1850 జనాభా లెక్కల ప్రకారం అప్పటికి దేశంలో 32 లక్షల మంది బానిసలున్నారు. వాళ్ల సంగతి తెలిసీ, బాధపడీ, పండగ మామూలుగా చేసుకుంటున్నవాళ్లను కదిలించడం ఆయన పని. ఉపన్యాసంలో ఏ ప్రశ్న ఎక్కడ వేశారు, ఎవర్ని ఎక్కడ పొగిడారు, ఎక్కడ గొంతు పెంచారు అన్నవి ఈ దృష్టితో చూస్తేనే అర్థమవుతాయి.

తేదీ కూడా గమనించాలి. అమెరికా స్వాతంత్ర్య దినమైన జూలై 4 ఆ ఏడాది ఆదివారం పడింది కాబట్టి వేడుకలు సోమవారం జరిగాయి. అయితే జూలై 5కి నల్లవాళ్ల జీవితంలో వేరే చరిత్ర ఉంది. న్యూయార్క్ రాష్ట్రంలో బానిసత్వం చట్టప్రకారం ముగిసింది 1827 జూలై 4న. అక్కడి నల్లవాళ్లు చాలాచోట్ల తెల్లవాళ్ల పండగ రోజును వాళ్లకే వదిలేసి, మర్నాడు తమ విముక్తిని జరుపుకునేవాళ్లు. ఆయన నోరు విప్పకముందే ఆ తేదీలో ఒక విభజన గీత ఉంది.

డగ్లస్ 1818 ప్రాంతంలో మేరీలాండ్‌లోని టాల్బట్ కౌంటీలో బానిసగా పుట్టారు. పుట్టినరోజు ఏదో ఆయనకే తెలియదు. 1838లో పారిపోయి, బానిసత్వం లేని ఉత్తరాదికి చేరారు. 1846లో ఇంగ్లండ్‌లోని స్నేహితులు డబ్బు పోగుచేసి యజమానికి కట్టేదాకా చట్టం దృష్టిలో ఆయన ఒకరి ఆస్తి. 1847 నుంచి ఈ రోచెస్టర్‌లోనే పత్రిక నడుపుతున్నారు. అంటే శ్రోతలకు ఆయన ఊరివాడే.

ఆయన వాక్పటిమ ఎక్కడినుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. చిన్నతనంలో బాల్టిమోర్‌లో యజమానురాలు సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పడం మొదలుపెడితే, చదువొచ్చిన బానిస చేతికి చిక్కడని ఆమె భర్త మాన్పించాడు. ఆ తర్వాత, పన్నెండేళ్ల వయసు ప్రాంతంలో, యాభై సెంట్లు కూడబెట్టి 'కొలంబియన్ ఆరేటర్' అనే పాఠ్యపుస్తకం కొనుక్కున్నారు. ప్రసంగాలూ సంభాషణలూ ఉన్న పుస్తకం అది. అందులో ఒకచోట, రెండుసార్లు పారిపోయి దొరికిన బానిసకూ అతని యజమానికీ మధ్య వాదన నడుస్తుంది. యజమాని చెప్పిన ప్రతి మాటకూ బానిస జవాబు చెప్తాడు. చివరికి యజమాని ఓటమి ఒప్పుకుని అతన్ని విడిచిపెడతాడు. వాదనలో గెలిస్తే సంకెళ్లు తెగుతాయని ఆ పుస్తకం ఒక బానిస పిల్లవాడికి నేర్పింది. దాదాపు ఇరవై ఏళ్లు గడిచాక, అదే మనిషి రోచెస్టర్ వేదిక మీద నిలబడి, ఇక వాదనల కాలం చెల్లిపోయిందని ప్రకటించారు. ఈ మధ్యలో ఆయన ఎన్ని వందల సభల్లో వాదించి గెలిచారో! గెలిచినా ఏమీ మారలేదు. ఉపన్యాసంలోని కోపానికి మూలం అక్కడ ఉంది.

పొగడ్తతో ముందరి కాళ్లకు బంధం

మొదలుపెట్టడం ఎంతో వినయంగా మొదలుపెడతారు. ఈ సభ ముందు బెదురు లేకుండా మాట్లాడగలిగేవాడికి నాకంటే గట్టి నరాలుండాలి, అంటారు. అప్పటికి పదకొండేళ్లుగా వేదికలెక్కుతున్న మనిషి ఈ మాట అనడం సభా మర్యాద. కానీ ఆ మర్యాద వెంటే ఇంకో వాక్యం వస్తుంది: ఈ వేదికకూ నేను తప్పించుకొచ్చిన బానిసల తోటకూ మధ్య దూరం చాలా ఉంది. వినయం ముసుగులోనే తానెవరో చెప్పేశారు. వాళ్లు పిలిచింది ఒక వక్తను. వచ్చి నిలబడింది ఒక సాక్షి.

తర్వాత వరుసగా 'మీ' అన్న మాట దొర్లుతుంది. మీ జాతీయ స్వాతంత్ర్యం, మీ రాజకీయ స్వేచ్ఛ, మీ తండ్రులు. మొదట్లో ఇది పెద్దగా పట్టించుకోవలసిన విషయంలా వినపడదు. పైగా సంబోధన 'తోటి పౌరులారా' అని. కానీ పదిసార్లు విన్నాక చెవికి తగులుతుంది. తోటి పౌరుడైతే మన తండ్రులు, మన స్వాతంత్ర్యం అనాలి కదా? ఆ ప్రశ్న శ్రోతకే తట్టాలని ఆయన ఎదురుచూస్తున్నారు. ఆ రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంలో నల్లవాడు ఓటు వేయాలంటే 250 డాలర్ల ఆస్తి చూపించాలి. తెల్లవాడికి ఆ షరతు లేదు. బానిసత్వం రద్దై పాతికేళ్లు గడిచిన రాష్ట్రంలో పరిస్థితి ఇది. కాబట్టి 'తోటి పౌరులారా' అన్న పిలుపు కోరిక అయితే, 'మీ' అన్నది వాస్తవం. రెండూ ఒకే నోట వస్తుంటే పుట్టే ఇబ్బందిని ఆయన తగ్గించే ప్రయత్నం చేయరు.

నా దృష్టిలో ఉపన్యాసంలో అన్నింటికన్నా తెలివైన భాగం ఆ తర్వాత వచ్చే పొగడ్త. 1776లో ఇంగ్లండ్ మీద తిరగబడి స్వాతంత్ర్యం ప్రకటించిన ఆ తండ్రులను ఆయన మనస్ఫూర్తిగా కీర్తిస్తారు. ధైర్యవంతులు, గొప్పవాళ్లు, ఒక గొప్ప యుగానికి పేరు తెచ్చేంత గొప్పవాళ్లు అంటారు. ఎక్కడా వెటకారం లేదు. అయితే ఏ గుణాన్ని పొగుడుతున్నారో చూడండి. అమెరికా ఒప్పు, ఇంగ్లండ్ తప్పు అని ఇప్పుడనడం చాలా తేలిక. పిరికివాడైనా అనగలడు. ఆనాడు అలా అన్నవాళ్లను కుట్రదారులనీ, రెచ్చగొట్టేవాళ్లనీ, ప్రమాదకరమైన మనుషులనీ తిట్టేవాళ్లు. బలవంతుడికి ఎదురుగా బలహీనుడి పక్షాన, పీడించేవాడికి ఎదురుగా పీడితుడి పక్షాన నిలబడడంలోనే వాళ్ల గొప్పతనం ఉందనీ, ఆ గుణానికే ఈ రోజుల్లో ఆదరణ లేకుండా పోయిందనీ అంటారు. వాళ్లు శాంతిని కోరేవాళ్లే, కానీ దాస్యానికి తలొగ్గే శాంతి కంటే తిరుగుబాటే మేలనుకున్నారు. ఇవన్నీ వింటూ తలాడించని అమెరికన్ ఉండడు. తలాడించాక మాత్రం వెనక్కి వెళ్లే దారి లేదు. దాస్యం మీద తిరగబడడం న్యాయమని తమ తండ్రుల విషయంలో ఒప్పుకున్నవాళ్లు, పారిపోయిన బానిస విషయంలో ఏం మాట్లాడగలరు?

ఇదే భాగంలో ఇప్పటి పాఠకుడు గమనించకుండా దాటిపోయే వాక్యం ఒకటుంది. న్యాయం కానిదేదీ వాళ్ల దృష్టిలో 'పరిష్కారమైనట్టు' కాదు, వాళ్లకు న్యాయం, స్వేచ్ఛ, మానవత్వం 'అంతిమం' తప్ప బానిసత్వం, పీడన కాదు. ఈ రెండు మాటలూ ఆనాటి పత్రికల్లో నలుగుతున్న మాటలు. 1850లో ఉత్తర, దక్షిణ రాష్ట్రాల నాయకులు ఒక రాజీ కుదుర్చుకున్నారు. పారిపోయిన బానిసలను పట్టి యజమానులకు అప్పగించే పలాయిత బానిసల చట్టం అందులో భాగమే. ముందు నెలలోనే, 1852 జూన్‌లో, అప్పటి రెండు పెద్ద పార్టీలు డెమోక్రాట్లూ విగ్‌లూ తమ తమ మహాసభల్లో ఆ రాజీయే బానిసత్వ సమస్యకు తుది పరిష్కారమని తీర్మానించారు. ఇక ఆ విషయం ఎత్తవద్దని దాని అర్థం. డగ్లస్ ఆ రాజకీయ నాయకుల పేర్లెత్తలేదు, తీర్మానాలను విమర్శించలేదు. వాళ్ల మాటలనే తీసుకెళ్లి 1776 నాటి తండ్రుల పక్కన పెట్టారు. పేపరు చదివే ప్రతి శ్రోతకూ దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిసే ఉంటుంది.

ఇశ్రాయేలీయుల నుంచి బబులోను వాసులదాకా

"క్షమించండి, నన్నొకటి అడగనివ్వండి. ఈ రోజు ఇక్కడ మాట్లాడమని నన్నెందుకు పిలిచారు? మీ జాతీయ స్వాతంత్ర్యంతో నాకు గానీ, నేను ఎవరి తరఫున నిలబడ్డానో వాళ్లకు గానీ ఏమిటి సంబంధం?"

ఉపన్యాసం ఇక్కడ తిరుగుతుంది. అంతసేపూ పొడుగాటి, అలంకారాలున్న వాక్యాలతో నడిచిన మాట ఒక్కసారిగా పొట్టిదైపోతుంది. మీకు వెలుగూ ఆరోగ్యమూ తెచ్చిన సూర్యరశ్మి నాకు కొరడా దెబ్బలూ చావూ తెచ్చింది. ఈ జూలై నాలుగు మీది, నాది కాదు. మీరు సంబరపడవచ్చు, నేను దుఃఖించాలి. ఇంతకుముందు చెవికి తగిలీ తగలనట్టున్న 'మీ' ఇప్పుడు కుండబద్దలు కొట్టినట్టు వినిపిస్తుంది.

ఆ వెంటనే ఆయన కీర్తనల గ్రంథంలోని 137వ కీర్తన చదువుతారు. బబులోను నదుల ఒడ్డున కూర్చుని ఏడుస్తున్న బందీలను, మీ ఊరి పాట ఒకటి పాడండని బంధించినవాళ్లు అడిగే కీర్తన అది. బైబిల్ వచనాలు కంఠతా వచ్చిన సభ కాబట్టి వివరణ అక్కర్లేదు. ఉపన్యాసం మొదట్లో ఆయన వాళ్లకే ఇంకో పోలిక ఇచ్చారు: విముక్తులైన దైవజనానికి పస్కా పండగ ఎలాంటిదో, మీకు ఈ జూలై 4 అలాంటిది అని. అప్పుడు శ్రోతలు ఐగుప్తు నుంచి బయటపడ్డ ఇశ్రాయేలీయులు. ఇప్పుడు అదే బైబిల్లో, అదే హాల్లో, కుర్చీల్లోంచి లేవకుండానే వాళ్లు బబులోను వాసులైపోయారు. తమను పీడితుల వారసులుగా ఊహించుకుని పొంగిపోయినవాళ్లను బందీల చేత పాట పాడించుకునేవాళ్ల స్థానంలో నిలబెట్టారు. ఎవర్నీ తిట్టలేదు. పోలిక మార్చారు, అంతే. సభకు పిలవడమే ఎంత క్రూరమైన కోరికో అంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

నిరూపించనంటూనే

ఇక్కడ ఒక శ్రోత అభ్యంతరం చెబుతున్నట్టు ఆయనే ఊహిస్తారు. ఇంత మండిపడే బదులు కాస్త వాదించి, కాస్త నచ్చజెప్పి చూస్తే మీ ఉద్యమానికి మేలు కదా అని. అన్ని కాలాల్లోనూ అణగారినవాళ్లకు సానుభూతిపరులు ఇచ్చే సలహా ఇదే. డగ్లస్ దాన్ని తోసిపుచ్చే తీరు చూడాలి. నేనేం నిరూపించాలి? బానిస మనిషని నిరూపించాలా? ఆ సంగతి అందరూ ఒప్పుకున్నదే. చట్టాలు చేసిన యజమానులే ఒప్పుకున్నారు. వర్జీనియాలో నల్లవాడు చేస్తే మరణశిక్ష పడే నేరాలు 72 ఉన్నాయి, వాటిలో రెండింటికే తెల్లవాడికి ఆ శిక్ష అంటారు. తప్పొప్పులు తెలిసిన ప్రాణి అని నమ్మకపోతే శిక్షలెందుకు? దక్షిణాది చట్టాల నిండా బానిసకు చదువు చెప్పడం నేరమన్న నిషేధాలున్నాయి. పొలంలోని పశువుల విషయంలో అలాంటి చట్టం ఒక్కటి చూపించండి, అప్పుడు బానిస మనిషని వాదించడానికి ఒప్పుకుంటాను.

చెప్పను చెప్పనంటూనే చెప్పేయడం ప్రపంచంలోని వక్తలందరికీ తెలిసిన పాత పద్ధతే. కానీ డగ్లస్ చేతిలో దానికి నైతికమైన బరువు వచ్చింది. నేను మనిషిని అని ఆధారాలు చూపించబోతే, ఆ సంగతి ఇంకా తేలాల్సి ఉందని ఒప్పుకున్నట్టవుతుంది. ఆధారాలు చూపించకపోతే జవాబు లేక తప్పించుకున్నాడంటారు. అందుకే ఆధారాలన్నీ శత్రువు చట్టపుస్తకంలోంచే తీసి బల్ల మీద పెట్టి, వాదించనంటారు. ఆ 72 అంకె ముందు ఆవేశం అక్కర్లేదు. చదువు మీద నిషేధం ఆయనకు పుస్తకజ్ఞానం కాదు, ఆల్డ్ ఇంట్లో స్వయంగా అనుభవించిందే. అయినా ఇక్కడ తన కథ చెప్పుకోరు. చట్టం చేతే సాక్ష్యం చెప్పించారు.

దీని తర్వాత ఒక మహా వాక్యం వస్తుంది. మేము దున్నుతూ, నాటుతూ, కోస్తూ, ఇళ్లూ వంతెనలూ ఓడలూ కడుతూ, ఇత్తడి ఇనుము రాగి వెండి బంగారాలతో పనిచేస్తూ, చదువుతూ, రాస్తూ, లెక్కలు వేస్తూ, మాలో లాయర్లూ డాక్టర్లూ పాస్టర్లూ కవులూ సంపాదకులూ ఉండగా, కాలిఫోర్నియాలో బంగారం తవ్వుతూ, పసిఫిక్‌లో తిమింగలాలు పడుతూ, భార్యాభర్తలుగా బిడ్డలుగా కుటుంబాల్లో బతుకుతూ, క్రైస్తవుల దేవుణ్ణే కొలుస్తూ ఉండగా, మేం మనుషులమని మేమే నిరూపించుకోవాలట! ఒక్కో పనీ వచ్చి చేరుతున్నకొద్దీ వాక్యం ఊపిరి ఆడనివ్వదు. చివరి ముక్క వచ్చేసరికి ఆ ప్రశ్న ఎంత సిగ్గుమాలినదో దానంతటదే తెలిసిపోతుంది. ఓడలూ తిమింగలాలూ ఆ జాబితాలోకి ఊరికే రాలేదు. బాల్టిమోర్‌లో డగ్లస్ ఓడల పగుళ్లు పూడ్చే పని నేర్చుకున్నారు. పారిపోయి తిమింగలాల వేటకు పేరుపడ్డ న్యూ బెడ్‌ఫోర్డ్ రేవుకు వెళ్తే, నల్లవాణ్ణి పెట్టుకుంటే తాము పని మానేస్తామని తెల్ల పనివాళ్లు అడ్డుపడ్డారు. చేతిలో పనితనం ఉండి కూడా బరువులు మోసి, కట్టెలు కొట్టి బతికారు. బానిసత్వం లేని గడ్డ మీద ఎదురైన ఈ అసమానత ఆ జాబితా వెనక ఉంది.

అప్పుడు ఆయన తన పద్ధతి ఏమిటో బాహాటంగా చెప్తారు. వెలుతురు కాదు, నిప్పు కావాలి. చిరుజల్లు కాదు, పిడుగు కావాలి. తుఫాను, సుడిగాలి, భూకంపం కావాలి. ఆ వెంటే వస్తుంది ఉపన్యాసానికి పేరు తెచ్చిన ప్రశ్న: "అమెరికా బానిసకు మీ జూలై నాలుగు ఏమిటి?" జవాబులో ఒక్కో వేడుకనూ పేరుపెట్టి పిలిచి దాని అసలు రూపం చెప్తారు. మీ సంబరం బూటకం. మీరు చెప్పుకునే స్వేచ్ఛ అపవిత్రమైన విశృంఖలత్వం. మీ దేశ ఘనత ఉబ్బిపోయిన అహంకారం. నియంతల మీద మీ ఖండనలు సిగ్గులేని తెంపరితనం. స్వేచ్ఛా సమానత్వాల నినాదాలు డొల్ల పరిహాసం. మీ ప్రార్థనలు, స్తోత్రాలు, ఉపదేశాలు, కృతజ్ఞతార్పణలు, ఊరేగింపులు అన్నీ బానిసకు వంచన, దైవద్రోహం. దీన్ని తిట్ల దండకంగా చదివితే పొరపాటు. ఇది పండగ కార్యక్రమాల పట్టిక. ఊరేగింపులో నడిచినవాళ్లు, స్తోత్రం పాడినవాళ్లు ఆ కుర్చీల్లోనే ఉన్నారు. ఏ అంశం చదివినా ఎవరో ఒకరికి తగులుతుంది.

అమెరికాలో ఇప్పటికీ జూలై వచ్చిందంటే చాలా ఊళ్లలో ఈ ఉపన్యాసాన్ని బహిరంగంగా చదువుతారు. ఎక్కువగా వినిపించేది ఈ పేరానే. విడిగా చదివితే ఇది ఆగ్రహంగా మాత్రమే మిగులుతుంది. ముందున్న పొగడ్త, పస్కా పండగ, 72 నేరాలు తెలిసినప్పుడే, ఈ కోపానికి ఆధారాలన్నీ శ్రోతల చేతే ఒప్పించుకున్నాక దాన్ని బయటపెట్టారని తెలుస్తుంది.

కొరడా చప్పుడు

పిడుగు కావాలన్న మనిషి ఆ తర్వాత గొంతు తగ్గించి, దేశం లోపల నడుస్తున్న బానిసల వ్యాపారాన్ని చూపిస్తారు. ఆఫ్రికా నుంచి మనుషుల్ని పట్టుకొచ్చి అమ్మడాన్ని అమెరికా చట్టం 1820లోనే సముద్రపు దోపిడీగా ప్రకటించి మరణశిక్ష పెట్టింది. మేరీలాండ్‌లో కొని లూసియానాలో అమ్మితే మాత్రం అది గౌరవప్రదమైన వ్యాపారం. ఆ బేరగాళ్లను ఆయన పశువుల బేరగాళ్లను పిలిచే మాటలతోనే పిలుస్తారు. మనుషుల మందలు తోలేవాళ్లు, మాంసం దళారులు అంటారు.

ఆ మంద నడుస్తుంటే చూడమంటారు. తల నెరిసిన ముసలాయన. ఎండకు భుజాలు కాలుతూ, చంకలోని బిడ్డ నుదుటి మీద కన్నీళ్లు రాలుస్తూ నడిచే యువతి. దూరమైన తల్లి కోసం ఏడుస్తున్న పదమూడేళ్ల పిల్ల. ఇంతలో తుపాకీ పేలినట్టు ఠప్పున ఒక చప్పుడు. సంకెళ్ల గలగల. గుండెలో దిగిపోయే కేక. ఏం జరిగిందో ఇంకా చెప్పలేదు. తర్వాత చెప్తారు. ఆ చప్పుడు కొరడాది. ఆ కేక ఆ బిడ్డతల్లిది. బిడ్డ బరువుకూ సంకెళ్ల బరువుకూ నడక కాస్త నెమ్మదించింది. భుజం మీద పడ్డ ఆ గాయం ఆమెను కదలమంటోంది. కథ చెప్పేవాడు మామూలుగా కారణం ముందు చెప్పి దెబ్బ తర్వాత చెప్తాడు. డగ్లస్ తలకిందులు చేశారు. సంకెలలో నడిచేవాడికి వెనక ఏం జరుగుతోందో కనపడదు, ముందు చప్పుడు వినిపిస్తుంది. శ్రోతను కూడా ఆ వరుసలోనే నడిపించారు. ఆమె చేసిన తప్పు ఏమిటో చివర తెలిసేసరికి, అది తప్పే కాదని ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇది ఊహాచిత్రం అనుకోకుండా వెంటనే చిరునామాలు ఇస్తారు. తాను చిన్నప్పుడు బాల్టిమోర్ ఫెల్స్ పాయింట్‌లో, ఫిల్‌పాట్ వీధిలో ఉన్నాననీ, మనుషులతో నిండిన ఓడలు రేవు దాటడం చూశాననీ అంటారు. ప్రాట్ వీధి మొదట్లో ఒక పేరుమోసిన వ్యాపారి బానిసల దుకాణం ఉండేది. నల్లవాళ్లను అమ్మితే రొక్కం ఇస్తామని ఊరూరా కరపత్రాలు అంటించేవారు. సంకెళ్లు వేసిన గుంపులను అర్ధరాత్రి ఓడలకు తోలేవారు. ఆ అడుగుల చప్పుడుకూ ఏడుపులకూ తాను చాలాసార్లు ఉలిక్కిపడి లేచేవాడినంటారు. అంతకుముందు చట్టపుస్తకం సాక్ష్యం చెప్పింది. ఇప్పుడు సాక్షి తానే. వీధి పేరు చెప్పిన సాక్షిని కాదనడం కష్టం.

ఇవన్నీ ఎక్కడో దక్షిణాది సంగతులని రోచెస్టర్ వాళ్లు చేతులు దులుపుకునే అవకాశం కూడా ఇవ్వరు. 1850 నాటి పలాయిత బానిసల చట్టంతో ఉత్తర, దక్షిణాల సరిహద్దే చెరిగిపోయింది, న్యూయార్క్ ఇప్పుడు వర్జీనియా లాంటిదే, అంటారు. పారిపోయి వచ్చినవాడని ఒకణ్ణి పట్టుకొస్తే, అతనికి తన తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కు లేదు. విచారించే అధికారి అతన్ని యజమానికి అప్పగిస్తే ఫీజు పది డాలర్లు, విడిచిపెడితే ఐదు డాలర్లు. డగ్లస్ ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూపించారు. ఒంటారియో సరస్సు దాటితే కెనడా, కాబట్టి పారిపోయేవాళ్లకు రోచెస్టర్ ఆఖరి మజిలీ. ఆయన ఇంట్లోనే ఎందరో తలదాచుకుని వెళ్లారు.

చర్చిల మీద చేసిన దాడి ఉపన్యాసంలో చాలా చోటు తీసుకుంటుంది. ఆనాటి సభకు అది అవసరమే. బానిసత్వాన్ని సమర్థించే బోధకుల సువార్త కంటే నాస్తికత్వమే మేలన్న మాట ఆ రోజుల్లో ఎంత సాహసమో చెప్పనక్కర్లేదు. ఇప్పటి పాఠకుడికి ఆ పేజీలు కొంత సాగదీసినట్టే అనిపిస్తాయి. తర్వాత వచ్చే విరోధాల వరుస మాత్రం ఇంకా పదునుగానే ఉంది. పరదేశాల నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు విందులిస్తారు, సొంత దేశంలో పారిపోయినవాళ్లను వేటాడి కాలుస్తారు. టీ మీద మూడు పెన్నీల పన్ను వదిలించుకోవడానికి బ్రిటిష్ ఫిరంగులకు రొమ్ము చూపిస్తారు, నల్ల కూలీ చేతిలోని ఆఖరి పైసాను గుంజుకుంటారు.

ఈ ఉపన్యాసానికి పరిమితులూ ఉన్నాయి. సభ పెట్టింది ఆడవాళ్లు. 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన మహిళా హక్కుల మహాసభకు వెళ్లి, ఓటు హక్కు తీర్మానాన్ని బలపరిచి, ప్రకటన మీద సంతకం చేసిన మనిషి డగ్లస్. అయినా ఇక్కడ నడిచేదంతా తండ్రుల భాష, పురుషుల ధైర్యం భాషే. కొరడా దెబ్బ తిన్న తల్లి కళ్లకు కడుతుంది కానీ మాట్లాడదు. చివర్లో చైనా గురించీ ఆఫ్రికా గురించీ అన్న మాటల్లో, ఇతర దేశాలు ఇంకా నిద్రలేవాలన్న ఆనాటి పాశ్చాత్య ధోరణి కనిపిస్తుంది. ఇవి దాచిపెట్టి చదవాల్సిన పని లేదు.

భూమి ఊసు లేని దస్తావేజు

అంత నిప్పు కురిపించాక ముగింపు రాజ్యాంగం దగ్గరికి వస్తుంది. అక్కడ ఆయన మళ్లీ వాదిస్తారు! బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో ఆయన గురువులాంటి విలియం లాయిడ్ గారిసన్ దృష్టిలో రాజ్యాంగం బానిస యజమానులతో చేసుకున్న పాపపు ఒప్పందం. గారిసన్ అనుచరులు ఓటు వేయడం కూడా తప్పనేవాళ్లు. డగ్లస్ చాలాకాలం ఆ దారిలోనే నడిచి, 1851లో బహిరంగంగా విడిపోయారు. రోచెస్టర్ సభలో రాజ్యాంగాన్ని స్వేచ్ఛను చాటే మహత్తర పత్రం అన్నారు. అందులో బానిసత్వం, బానిస అన్న మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో చూపించమన్నారు. ఆ తర్వాత శ్రోతలకు బాగా దగ్గరైన ఉదాహరణ ఇచ్చారు. రోచెస్టర్ నగరానికి ఒక భూమి రాసిచ్చే దస్తావేజు చట్టప్రకారం తయారుచేసి, అందులో భూమి ప్రస్తావనే లేకపోతే దాన్ని ఏమనుకుంటారు?

చట్టపరంగా ఈ వాదనకు ఒడుపు ఎంత ఉందో ఇబ్బందీ అంత ఉంది. బానిస అన్న పదం లేకపోయినా, ప్రాతినిధ్యం లెక్కల్లో వాళ్లను ఐదింట మూడు వంతులుగా పరిగణించే నిబంధన, పారిపోయినవాణ్ణి అప్పగించాలనే నిబంధన ఆ పత్రంలో ఉన్నాయి. డగ్లస్‌కు అవి తెలియనివి కావు. ఆ నిబంధనలకు వేరే అర్థం చెప్పిన గెరిట్ స్మిత్, లైసాండర్ స్పూనర్ వంటివాళ్ల రచనల మీద ఆధారపడ్డారు. కానీ ఒప్పించే పనిలో ఈ వాదన లేకపోతే ఉపన్యాసం కుంటిదయ్యేది. రాజ్యాంగమే చెడ్డదైతే, దానికి దూరంగా ఉండి మనసు శుభ్రంగా ఉంచుకోవడంతో మంచివాళ్ల బాధ్యత తీరిపోతుంది. రాజ్యాంగం స్వేచ్ఛ పక్షాన ఉందంటే, దాన్ని అమలు చేయించడం ఓటున్న ప్రతివాడి మెడకూ చుట్టుకుంటుంది. ఆ హాల్లో ఓటున్నవాళ్లు చాలామందే. ఈ దేశం మీద నేను ఆశ వదులుకోలేదన్న చివరి మాటను ఊరడింపుగా వినేవాళ్లున్నారు. నాకు మాత్రం అది పని అప్పగించినట్టే వినిపిస్తుంది.

ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేయాలని సభలోనే నిర్ణయమైంది. 700 ప్రతులకు అక్కడికక్కడే పేర్లు నమోదయ్యాయి. ఆగస్టులో డగ్లస్ పిట్స్‌బర్గ్ వెళ్లి, బానిసత్వ విస్తరణను వ్యతిరేకించే ఫ్రీ సాయిల్ పార్టీ మహాసభలో పాల్గొన్నారు. అక్కడ ఆయన్ని ఒక కార్యదర్శిగా ఎన్నుకున్నారు. నవంబర్‌లో న్యూయార్క్ ఓటర్లు గెరిట్ స్మిత్‌ను గెలిపించి అమెరికా కాంగ్రెస్‌కు పంపించారు.